కొత్త చీమకు పేరు పెట్టే తొందర

వానలు మొదలైన దగ్గర నుంచి విశాఖపట్నంలో చీమల సంగతి కాస్త తెలిసినవాళ్లకు ఫొటోలు రావడం మొదలవుతుంది. కంబాలకొండ కాలిబాట మీదనో, కైలాసగిరి వాలులోనో, ఎం.వి.పి. కాలనీలో మేడ మీది మల్లె కుండీలోనో కనబడిన చీమను ఫోనుతో దగ్గరగా తీసి, "ఇది ఎక్కడ వెతికినా దొరకడం లేదు సార్, కొత్త జాతి అయి ఉంటుందా?" అని అడుగుతారు. అడిగేవారిలో ఎక్కువమంది జంతుశాస్త్రం చదువుతున్న పిల్లలు. వారి ఉత్సాహాన్ని నేను తక్కువ చేయను. తూర్పు కనుమల్లో పేరు లేని చీమలు ఇంకా ఉన్నాయనే నేనూ నమ్ముతాను. కానీ ఈ ఊరికి ముందు కావలసింది కొత్త చీమ ప్రకటన కాదని నా వాదన. ఇక్కడ రోజూ కాళ్ల కింద తిరిగే మామూలు చీమలు ఏవేవో నమూనాలతో సహా నిర్ధారించి, ఎవరైనా వచ్చి చూసుకునేలా ఒకచోట భద్రపరచాలి. అది లేకుండా పుట్టే కొత్త పేరు తర్వాత వచ్చేవాళ్ల నెత్తిన అప్పులా మిగులుతుందని ఎందుకు అంటున్నానో కొంచెం వివరంగా చెప్పాలి.

జంతువులకు శాస్త్రీయ నామాలు పెట్టడానికి అంతర్జాతీయ నియమావళి ఒకటి ఉంది. దానికి కాలరేఖ 1758 దగ్గర, స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ రాసిన 'సిస్టెమా నేచురే' పుస్తకం పదో కూర్పుతో మొదలవుతుంది. ఇప్పుడు అమలులో ఉన్న నాలుగో కూర్పు 2000 జనవరి 1 నుంచి వర్తిస్తోంది. కొత్త పేరు చెల్లాలంటే ఆ జాతిని మిగిలిన వాటి నుంచి వేరుచేసే లక్షణాలను మాటల్లో రాసి ప్రచురించాలి. ఆ పేరును మోసే ఒక నమూనాను, అంటే హోలోటైపును, స్పష్టంగా ఎంచి, దానిని ఏ సంగ్రహంలో ఉంచుతున్నారో చెప్పాలి. ఒకే జాతికి ఇద్దరు రెండు పేర్లు పెట్టి ఉంటే సాధారణంగా ముందు పెట్టినదే నిలుస్తుంది. ఈ నియమాల్లో మొదటిదాన్ని చాలామంది తేలికగా దాటేస్తారు. వేరుచేసే లక్షణాలు రాయాలంటే దేని నుంచి వేరుచేస్తున్నామో ముందు తెలియాలి. ఒక కొత్త చీమ వర్ణన నిజానికి ఆ ప్రజాతిలోని, అంటే దగ్గరి జాతుల గుంపులోని, పాత చీమలన్నిటి గురించీ చేసే ప్రకటన. పాతవాటిని చూడని మనిషి ఆ ప్రకటన చేయడానికి అర్హుడు కాడని నేను మొహమాటం లేకుండా అంటాను.

దీనికి ఉదాహరణ కోసం అడవికి వెళ్లనక్కర్లేదు. వంటింటి గట్టు మీద పంచదార పలుకు పడితే చాలు, దారీ తెన్నూ లేనట్టు అటూ ఇటూ పరుగులు తీసే పొడవాటి కాళ్ల సన్నని నల్ల చీమ వస్తుంది. దాని పేరు పారాట్రెకినా లాంగికార్నిస్. లాట్రెయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1802లో సెనెగల్ నుంచి వచ్చిన నమూనాలతో దీనికి ఆ జాతినామం పెట్టాడు. తర్వాత 1851లో దక్షిణ భారతదేశంలో దీన్నే చూసిన జెర్డాన్ 'వేగన్స్' అని, 1856లో నైలాండర్ 'గ్రేసిలెసెన్స్' అని, 1863లో మోచుల్‌స్కీ 'కరెన్స్' అని కొత్త జాతులుగా ప్రకటించారు. వాళ్లు అజ్ఞానులు కారు. మిగతావాళ్ల నమూనాలు వాళ్ల ముందు లేవు, అంతే. ఆ మూడు పేర్లూ ఇప్పుడు పర్యాయనామాలు, అంటే అదే జాతికి పెట్టిన చెల్లని అదనపు పేర్లు. అయినా వాటిని జాబితా నుంచి చెరిపేయడం కుదరదు; ఈ చీమ మీద పనిచేసే ప్రతి వర్గీకర్తా ఆ పేర్లను ఇప్పటికీ మోయాల్సిందే. ప్రజాతి సంగతి మరీ విచిత్రం. ఒకప్పుడు పారాట్రెకినా అనే పెద్ద ప్రజాతిలో ఎన్నో జాతులు ఉండేవి. 2010లో లాపోల్లా, బ్రేడీ, షట్టక్ దాన్ని మళ్లీ పరిశీలించి, మన వంటింటి చీమ ఒక్కదాన్నే అందులో ఉంచి, మిగిలినవాటిని వేరే ప్రజాతులకు పంపారు. అంతకు ముందు అచ్చయిన పుస్తకం చేతిలో పెట్టుకుని చీమను పోల్చే విద్యార్థికి ఈ మార్పు తెలియకపోతే, అతను చూస్తున్న చీమ ఏ పేరు కిందా సరిపోనట్టు కనిపిస్తుంది. ఆ క్షణంలోనే 'కొత్త జాతి' అనే ఆలోచన పుడుతుంది.

విశాఖపట్నానికి ఈ చిక్కు మరో రకంగా కూడా ఉంది. ఇది రేవు పట్టణం. 1933లో ఓడరేవు తెరిచినప్పటి నుంచి కలప, ధాన్యం, మొక్కలు, మట్టి, ఖాళీ పెట్టెలు ఎన్ని దేశాల నుంచి వచ్చి ఇక్కడ దిగాయో! వాటితో పాటు చీమలూ దిగుతాయి. మంటపుట్టేలా కుట్టే ఎర్రని సోలినాప్సిస్ జెమినేటా సొంత ఊరు అమెరికా ఖండాలు. మనుషుల సరుకులతో ప్రయాణించి ఉష్ణదేశాలన్నిటా స్థిరపడింది. అందువల్ల ఇక్కడ దొరికిన చీమ మన దేశపు పుస్తకాల్లో లేదంటే దానికి ఆఫ్రికాలోనో దక్షిణ అమెరికాలోనో రెండు వందల ఏళ్ల కిందటే పేరు పెట్టి ఉండవచ్చు. కొండ మీద దొరికిన దానికంటే రేవు పక్కన దొరికిన దానిని గుర్తించడమే కష్టం అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

గుర్తింపు ఎలా జరుగుతుందో చూస్తే ఫొటో ఎందుకు చాలదో తెలుస్తుంది. మొదట చూడవలసింది నడుము. ఛాతీకీ వెనకటి లావు భాగానికీ మధ్య ఒక కణుపు ఉందా, రెండు ఉన్నాయా? రెండు ఉంటే ఎక్కువగా మిర్మిసినే ఉపకుటుంబం (ఉపకుటుంబం అంటే ప్రజాతుల పెద్ద గుంపు). కానీ తొందరపడకూడదు, ఎందుకంటే రోడ్ల పక్క నిద్రగన్నేరు చెట్ల బెరడు మీద తిరుగుతూ, చెయ్యి ఆనిస్తే సూది గుచ్చినట్టు కుట్టే టెట్రాపొనెరా రుఫోనైగ్రాకు కూడా రెండు కణుపులే. నల్లని తల, ఎర్రని ఛాతీ, మళ్లీ నల్లని వెనక భాగం, పెద్ద కళ్లు ఉన్న ఈ చీమ వేరే ఉపకుటుంబానిది. ఒకే కణుపు ఉంటే వెనక భాగం కొస చూడాలి: అక్కడ ఆమ్లం చిమ్మే గుండ్రని రంధ్రం ఉంటే ఫార్మిసినే, రంధ్రానికి బదులు అడ్డంగా చీలిక ఉంటే డోలికోడెరినే, కుట్టే ముల్లు ఉంటే పోనెరినే కావచ్చు. గండుచీమలు ఫార్మిసినే లోనివి. కంబాలకొండ లాంటి పొడి అడవుల నేల మీద ఒంటరిగా నడిచే, ఒళ్లంతా చెక్కినట్టు గీతలున్న నల్లని డయకమ్మా పోనెరినే లోనిది. (డయకమ్మాకు రాణి కులం అంటూ ఉండదు, సంతానాన్ని కనేది కూడా ఒక శ్రామికే. అది వేరే పెద్ద కథ కనుక ఇక్కడ ఆపుతాను.)

ఉపకుటుంబం తేలాక తల మీది స్పర్శశృంగాల్లో, అంటే మీసాల్లాంటి వాటిలో, ఎన్ని ఖండాలున్నాయో లెక్కపెట్టాలి. ఇక్కడే ఫోను కెమెరా చేతులెత్తేస్తుంది. సోలినాప్సిస్‌కు పది ఖండాలు, చివర రెండు ఖండాల గద (లావెక్కిన కొస). ఫైడోలే అనే మరో ప్రజాతికి మామూలుగా పన్నెండు, చివర మూడు ఖండాల గద. రెండింటి గూళ్లలోనూ పెద్ద తల ఉన్న చీమలు కనిపిస్తాయి, రెండూ ఎర్రగానో గోధుమ రంగులోనో ఉంటాయి. కాబట్టి కంటి చూపుతో ఒకదాన్ని ఇంకోటిగా పొరబడడం సులువు. మైక్రోస్కోపు కింద ఛాతీ వెనక వైపు ఫైడోలేకు సాధారణంగా ముళ్లు ఉండి, సోలినాప్సిస్‌కు అవి లేకపోవడం కనిపించాక సందేహం తీరుతుంది. ఒళ్లంతా వెంట్రుకలతో, నెమ్మదిగా నడిచే మెరానోప్లస్ బైకలర్‌కు తొమ్మిది ఖండాలే. ఈ లెక్క అయ్యాక కొలతలు వస్తాయి: తల వెడల్పు, తల పొడవు, స్పర్శశృంగం మొదటి ఖండం పొడవు, ఛాతీ పొడవు, వాటి నిష్పత్తులు. అవన్నీ మిల్లీమీటరులో వందో వంతుల దాకా వెళ్లే కొలతలు.

అయినా ఒక్క చీమను కొలిచి జాతిని తేల్చలేం. గండుచీమల గూడులో చిన్న శ్రామికులు, మధ్యస్థులు, పెద్ద తల ఉన్నవాళ్లు కలిసి ఉంటారు. ఒళ్లు పెరిగిన కొద్దీ తల అంతకంటే ఎక్కువగా పెరుగుతుంది కనుక ఒకే గూడులో నిష్పత్తులు మారిపోతాయి. ఫైడోలేలో సైనికుడిని, మామూలు శ్రామికను విడివిడిగా తెచ్చి చూపిస్తే రెండు ప్రజాతులని వాదించేవాళ్లు ఉంటారు. అమెరికా చీమల శాస్త్రవేత్త ఈ.ఓ. విల్సన్ 2003లో అమెరికా ఖండాల ఫైడోలే మీద పుస్తకం తెచ్చినప్పుడు 624 జాతులను పరిశీలించి, వాటిలో 337 కొత్తవని వర్ణించాడు. అంత పెద్ద సంఖ్యలో కొత్త పేర్లు పెట్టగలిగాడంటే మిగిలిన పాతవన్నీ ఆయన బల్ల మీద ఉన్నాయి కనుకనే. మగ చీమల దగ్గర చిక్కు ఇంకా పెరుగుతుంది. వానాకాలపు రాత్రుల్లో దీపాల చుట్టూ తిరిగే డోరిలస్ అనే ప్రజాతికి చెందిన లావాటి గోధుమరంగు మగవాటిని చూసి చీమ అని ఎవరూ అనుకోరు. సాక్షాత్తు లినేయసే ఆఫ్రికా డోరిలస్ మగదానిని కందిరీగల్లో చేర్చి పేరు పెట్టాడు. దీనికి తిరకాసుగా, చీమ అనుకుని పంపిన ఫొటోలో సాలీడు కూడా ఉండవచ్చు. ఆకులు కలిపి గూడు కుట్టే ఎర్ర చీమల మధ్య వాటి రూపంలోనే తిరిగే గెంతుడు సాలీడు ఒకటి మామిడి తోటల్లో ఉంటుంది. ముందు కాళ్లు ఎత్తి స్పర్శశృంగాల్లా ఆడిస్తుంది కనుక కాళ్లు ఎనిమిది ఉన్నాయని లెక్కపెట్టేదాకా అది బయటపడదు.

హోలోటైపు పొలం గట్టున పాతిన హద్దురాయి లాంటిది. రాయి ఉన్నంతకాలం పొలం విస్తీర్ణం మీద ఎన్ని తగాదాలు వచ్చినా వెళ్లి చూసి తేల్చుకోవచ్చు. రాయి పోతే ఎవరి నోరు పెద్దదైతే వారిదే పొలం. ఈ నష్టం మనకు బాగా దగ్గరగా జరిగింది. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన టి.సి. జెర్డాన్ 1851లో మద్రాసు నుంచి వెలువడే పత్రికలో దక్షిణ భారతపు చీమల జాబితా ప్రచురించాడు. పైన చెప్పిన టెట్రాపొనెరా రుఫోనైగ్రా ఆయన పేరు పెట్టినదే. 2010లో జన్యుక్రమం మొత్తం చదివిన తొలి చీమల్లో ఒకటైన హార్పెగ్నాథస్ సాల్టేటర్ కూడా ఆయనదే. అంత పని చేసిన మనిషి చీమల మూల నమూనాలు ఎక్కడా ఉన్నట్టు తెలియదు. ఆయన రాసిన వర్ణనలు కొన్ని వాక్యాలకు మించవు. అలాంటి వర్ణన రెండు మూడు జాతులకు సరిపోయినప్పుడు ఆయన చూసినది ఏదో తేల్చడానికి దారి లేదు. బింగ్‌హామ్ 1903లో బ్రిటిష్ ఇండియా జంతుజాలం వరుసలో రాసిన చీమల సంపుటం ఆ గందరగోళాన్ని చాలావరకు సర్దింది. నూట ఇరవై ఏళ్లు దాటిన ఆ సంపుటాన్నే మన కళాశాలల్లో ఇప్పటికీ తుది ప్రమాణంగా తిరగేయడం బింగ్‌హామ్ గొప్పతనానికీ మన బద్ధకానికీ సమానంగా సాక్ష్యం. పాటియాలా పంజాబీ విశ్వవిద్యాలయానికి చెందిన హిమేందర్ భారతి, సహ రచయితలు 2016లో దేశపు చీమల జాబితాను రాష్ట్రాల వారీగా మళ్లీ తయారుచేశారు: 100 ప్రజాతుల్లో 828 జాతులు, ఉపజాతులు. ఆ జాబితాలో ఒక రాష్ట్రం ఎదురుగా ఒక చీమ లేదంటే అది అక్కడ లేకపోవచ్చు, లేదా అక్కడ ఎవరూ వంగి చూసి ఉండకపోవచ్చు. రెండోదే ఎక్కువ సందర్భాల్లో నిజమని నా అభిప్రాయం.

ఇంత తంటా ఎందుకు, డి.ఎన్.ఏ. చదివేస్తే పోలేదా అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. 2003లో హెబర్ట్ ప్రతిపాదించిన బార్‌కోడ్ పద్ధతిలో మైటోకాండ్రియాలోని ఒక జన్యువు నుంచి 658 అక్షరాల ముక్క చదివి, ఇదివరకు చదివినవాటితో పోలుస్తారు. దాని ఉపయోగం మీద నాకు అనుమానం లేదు. మగ చీమను దాని జాతి శ్రామికతో జతకలపడానికి అంతకంటే మంచి సాధనం లేదు. అయితే పోల్చడానికి నిఘంటువు కావాలి కదా. విశాఖ చీమల నుంచి సరిగా గుర్తించిన నమూనాలతో చదివిన క్రమాలు భాండాగారంలో లేనప్పుడు, మీ చీమ దేనితోనూ కలవలేదన్న ఫలితానికి అర్థం అది కొత్తదని కాదు. పైగా కణాల్లో నివసించే వోల్బాకియా అనే బాక్టీరియా వల్ల మైటోకాండ్రియా చరిత్ర జాతి చరిత్రతో విడిపోవచ్చు. ఆ జన్యువు నకళ్లు కేంద్రకంలో చేరి తప్పు పాఠం ఇవ్వవచ్చు. 2025లో నేచర్ పత్రికలో వచ్చిన మెస్సర్ ఐబెరికస్ అధ్యయనం ఈ విషయంలో కళ్లు తెరిపించేది. ఆ యూరోపు చీమల రాణి తన జాతి మగవాటిని మాత్రమే కాక, మెస్సర్ స్ట్రక్టర్ అనే మరో జాతి మగవాటిని కూడా కంటుంది. ఆ రెండో రకం మగవాటి కేంద్రకం స్ట్రక్టర్‌ది, మైటోకాండ్రియా మాత్రం తల్లి ఐబెరికస్‌ది. బార్‌కోడ్ ఒక్కటే చదివితే వాటిని ఐబెరికస్ అనే చెబుతుంది. ఐబెరికస్ మగదానికి ఒంటి మీద దట్టంగా వెంట్రుకలు, స్ట్రక్టర్ మగదానికి దాదాపు ఏమీ లేవు. మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాడికి ఆ తేడా కనిపించి తీరుతుంది.

ఇక మన దగ్గర నమూనాలు దాచే తీరు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది. సముద్రపు గాలిలోని తేమకు కార్డులు బూజు పడతాయి, మామూలు పిన్నులు తుప్పు పడతాయి, నాఫ్తలీను అయిపోయిన పెట్టెలోకి చిన్న పెంకు పురుగులు దూరి ఎండిన కీటకాలను పొడి చేసి వెళతాయి. నగరంలో ఒక కళాశాలలో విద్యార్థులు సేకరించిన కీటకాల పెట్టెలు నేను చూశాను. పిన్నులు వరుసగా ఉన్నాయి, చాలావాటి మీద కీటకం లేదు, కీటకం మిగిలిన చోట లేబులు లేదు. లేబులు లేని చీమ ఎంత అందంగా అతికించి ఉన్నా శాస్త్రానికి చెత్తే. వాతావరణాన్ని నియంత్రించే ఒక్క గది, గాలి దూరని పెట్టెలు, ఆల్కహాలు సీసాలను ఏటా చూసి నింపే ఒక మనిషి, ఆ మనిషికి క్రమంగా జీతం: ఇవి పెద్ద కోరికలు కావు. కొత్త జాతి ప్రకటనకు దొరికే శాలువాల్లో పదో వంతు శ్రద్ధ దీనికి దొరికితే చాలు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కూడా కొత్తగా కనుగొన్న జీవి నమూనాలను నిర్దేశించిన సంస్థలో జమచేయాలని చెబుతుంది. అది కొత్త జాతికి సరిపోతుంది. మామూలు జాతులను స్థానికంగా దాచే బాధ్యత మాత్రం ఎవరి మీదా లేదు. నా పేచీ అక్కడే.

నా వాదనకు ఎదురయ్యే బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. పాతవాటిని సర్దుతూ కూర్చుంటే, ఈలోగా కొండలు తవ్వేస్తారు, పేరు పెట్టని చీమలు పేరు లేకుండానే పోతాయి అంటారు. కొండలు తరిగిపోవడం అబద్ధం కాదు, మధురవాడ వైపు వెళ్లినవారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ ఈ అభ్యంతరం నిజానికి సేకరణకు మద్దతు ఇస్తుంది, తొందరపాటు నామకరణానికి కాదు. ఆల్కహాలులో ఉన్న చీమ ముప్పై ఏళ్లయినా వేచి ఉంటుంది. పేరు ఎప్పుడైనా పెట్టవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కంబాలకొండలోనూ, నగరం వీధుల్లోనూ చెట్లను ఎలా పడగొట్టిందో మనం చూశాం. ఆ కొమ్మల్లో, ఎండు కాండాల బోలులో అప్పటిదాకా బతికిన చీమలు ఇప్పుడున్నవేనా అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పగలిగేది అంతకుముందు తీసి దాచిన నమూనా ఒక్కటే. అప్పుడు హడావుడిగా ప్రచురించిన పేరు ఉన్నా, దాని వెనక నమూనా లేకపోతే ఆ ప్రశ్న అలాగే ఉంటుంది. చీమలను చంపడం పాపం కాదా అని అడిగేవారికి నా సమాధానం క్లుప్తం: గూడులోంచి కొద్దిమంది శ్రామికులను తీస్తే గూడు చావదు, రాణిని కదపనక్కర్లేదు, ఇంట్లో చీమల మందు గీత గీసేవారు ఈ ప్రశ్న అడగకపోతే మంచిది.

కొత్త పేరు పెట్టడమే తప్పని నేను అనడం లేదు. 2024లో బెంగళూరు ఏట్రీ సంస్థ పరిశోధకులు అరుణాచల్ ప్రదేశ్‌లోని సియాంగ్ లోయ నుంచి పారాపారాట్రెకినా నీల అనే నీలి రంగు చీమను ప్రకటించారు. రెండు మిల్లీమీటర్లు కూడా లేని ఆ చీమ ఒక చెట్టు తొర్రలో దొరికింది. మన దేశం నుంచి ఆ ప్రజాతిలో కొత్త జాతిని వర్ణించడం నూట ఇరవై ఏళ్లకు పైగా గడిచాక అదే మొదటిసారి. అంతకుముందుది ఫోరెల్ 1902లో పేరు పెట్టినది. రంగు చూడగానే వింతగా ఉన్నా వాళ్లు రంగు మీద ఆధారపడి ఆగిపోలేదు. ప్రజాతిలోని మిగిలిన జాతులతో పోల్చి, నమూనాలు జమచేసి, తర్వాతే ప్రకటించారు. పత్రికల్లో నీలి రంగు ఫొటో వచ్చింది, పోలిక పట్టికలు రాలేదు. ఆ పట్టికలు చేయగలిగే చోట్లు దేశంలో ఎన్ని ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, విశాఖపట్నం వాటిలో ఒకటి కాకపోవడానికి సరైన కారణం నాకు కనిపించదు.

కాబట్టి ఈ వానాకాలం ఫొటోతో పాటు, వీలైతే, నమూనా కూడా తీయమని అడుగుతున్నాను. గూడు దగ్గరే తీయండి. చిన్నవాటినీ, పెద్ద తల ఉన్నవాటినీ, రెక్కలవి దొరికితే వాటినీ కలిపి ఒక సీసాలో వేయండి. ఒక గూడు చీమలను ఇంకో గూడు చీమలతో ఎప్పుడూ కలపకండి, ఎందుకంటే సైనికుడూ శ్రామికా ఒకే జాతివని చెప్పే సాక్ష్యం అవి ఒకే గూడులో దొరకడమే. డి.ఎన్.ఏ. అవసరం పడవచ్చు కనుక 95 శాతం ఆల్కహాలు మంచిది. లేబులు మందపాటి కాగితం మీద పెన్సిలుతో రాసి సీసా లోపలే వేయండి. బాల్‌పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది. ఊరు, స్థలం, ఎత్తు, తేదీ, ఏ చెట్టు మీదనో ఏ రాయి కిందనో, ఎవరు తీశారో రాయండి. కంబాలకొండ అభయారణ్యం కనుక అక్కడ సేకరించాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. మీ పెరట్లోని జామచెట్టుకు అది అక్కర్లేదు.